గృహారోగ్యము: పేనుకొరుకుడునకు లోనికి పుచ్చుకొను మందులు



ఈ నెల మేము వ్రాయబూనిన విషయము పేనుకొరుకుడు. గడచిన కొన్ని మాసములలో ఈ శీర్షికకు వచ్చిన జాబులలో నాలుగు దీనిని గూర్చినవే. తలలో రూపాయిబిళ్ళయంత మేర వెండ్రుకలూడి చర్మము నున్నగా మెరయుచున్నదనియు, పైపూతలతో విసిగితిమనియు, లోనికి మాత్రలు పుచ్చుకొమ్మని యొకరును వలదని యింకొకరును చెప్పుచున్నారనియు, ఉన్న మాత్రలలో ఏది మేలో తెలుపుమనియు వాని సారాంశము. ఒక జాబు ప్రొద్దుటూరునుండి వచ్చినది. ఒకటి పత్తికొండ దాపు పల్లెనుండి. అందొకరు పెండ్లియీడు కుమార్తెగల తల్లి. ఆమె జాబులో మందుల పేర్లకంటె దిగులే యెక్కువగా నున్నది.

మేము వైద్యులము కాము. వైద్యుని తావున కూర్చుండి మందు చెప్పుట మా పని కాదు. అయినను మందు ఇంటికి వచ్చిన పిమ్మట దానిని వేళకందించునదియు, దాని మేలుకీడులను మొట్టమొదట కనిపెట్టునదియు ఇల్లాలే కదా! కనుక ఆయా మందుల గుణదోషములు ఆమెకు తెలిసియుండుట అవసరము. "ఏ మాత్ర ఎక్కువ వెండ్రుకలను మొలిపించును?" అని అందరును అడుగుచున్నారు. అది రెండవ ప్రశ్న. "ఈ మనిషికి మాత్ర అవసరమా? అవసరమైనచో దానిని ఎన్నాళ్ళు, ఎట్టి కాపుదలతో నడపగలము?" అనునది మొదటి ప్రశ్న. మొదటిదానికి సమాధానము దొరకనిదే రెండవదానికి పోరాదు.

రోగ మెట్టిది?

పేరునుబట్టి పేను కొరికినందున వెండ్రుకలు రాలినవని మనవారు తలంతురు. పేను నెత్తురు పీల్చునే గాని వెండ్రుకను కొరుకదు. మన సీమలో బోరునీటి ఉప్పుదనమును నిందించువారును గలరు. ఆ నీటివలన జుట్టు పెళుసు కావచ్చును గాని, ఇట్లు గుండ్రముగా మాడు బయటపడదు. సుశ్రుతసంహితయందు ఈ రోగము ఇంద్రలుప్తమను పేర క్షుద్రరోగములలో చెప్పబడినది. పిత్తము వాతముతో గూడి రోమకూపములను చేరి వెండ్రుకలను రాల్చుననియు, పిదప కఫము రక్తముతో గూడి ఆ రంధ్రములను మూసివేయగా క్రొత్తవి మొలువవనియు అందలి భావము. త్రిదోషముల మాట ఎట్లున్నను, ఆ పెద్దలు దోషమును పురుగునందు గాక వెండ్రుక కుదుటియందు వెదకిరనుట గమనింపదగినది. నేటి శాస్త్రమును అచ్చటనే వెదకినది.

మన దేహమున రోగక్రిములతో పోరాడు తెల్ల రక్తకణములు గలవు. అవి యొకానొకప్పుడు తమవారెవరో పరులెవరో తెలియక, వెండ్రుక కుదుళ్ళనే శత్రువులని యెంచి చుట్టుముట్టును. సూక్ష్మదర్శినిలో చూచిన వైద్యులు కుదురు చుట్టును తేనెటీగల మూక ముసరినట్లున్నదని వర్ణించిరి. ఆ ముట్టడికి వెండ్రుక రాలును గాని, కుదురు చావదు. అందుచేతనే ఏండ్లు గడచినను మరల మొలుచుట సంభవము. ఇది అంటురోగము కాదు, పాపఫలము కాదు, శుభ్రత లేమివలన వచ్చినది కాదు. నూటికి సుమారు ఇద్దరికి జీవితములో ఎప్పుడో యొకప్పుడు ఇది తగులును. కొందరికి దీనితోపాటు థైరాయిడ్ గ్రంథి దోషమును ఉండును గనుక, ఆ రక్తపరీక్ష వైద్యులు చేయించుట కద్దు.

ఇచ్చట నొక హెచ్చరిక. పిల్లల తలలో వెండ్రుకలు మొదలంట తెగి, పొట్టు రాలుచు, దురద యున్నచో అది పేనుకొరుకుడు కాక తామర కావచ్చును. తామర అంటురోగము, దాని మందు వేరు. దానికి స్టెరాయిడ్ ఇచ్చినచో నిప్పుకు నెయ్యి పోసినట్లగును. కనుక రోగమేదో వైద్యుడు కన్నులార చూచి నిర్ణయింపనిదే ఏ మాత్రయు తగదు.

ప్రాచీన గ్రంథములలో గురివెందగింజల లేపము చెప్పబడినది. మన పల్లెలలో నేటికిని దానిని నూరి పట్టించువారు గలరు. ఆ గింజ లోనికి పోయినచో ప్రాణహాని. చంటిపిల్లలున్న ఇంట దానిని నూరి యుంచుటయే అపాయము. కర్నూలు ఉల్లికి పేరుపొందిన సీమ గనుక ఉల్లిరసమును గూర్చియు అడుగుదురు. 2002లో ఇరాకు దేశపు వైద్యులు ఉల్లిరసము పూసి కొందరికి వెండ్రుకలు మొలిచెనని ప్రకటించిరి. అది కొద్దిమందితో చేసిన పరీక్ష; దాని మీద ఆధారపడి పెద్ద రోగమును ఉపేక్షింపరాదు.

మాత్ర ఎవరికి?

ఒకటి రెండు మచ్చలు మాత్రమే యున్నవారిలో మూడవవంతు మొదలు సగమువరకు ఏ మందును లేకయే ఏడాదిలోపల కోలుకొందురు. వారికి మచ్చలోనే సన్ననిసూదితో ఇచ్చు స్టెరాయిడ్ మందో, పైపూతయో చాలును. గోళ్ళంత మేర ఊడిన జుట్టుకై దేహమంతటను ప్రాకు మందు మ్రింగుట, పిచ్చుకపై బ్రహ్మాస్త్రము వేయుటయే.

చర్మవైద్యులు నడినెత్తి, ప్రక్కలు, వెనుకభాగము కలిపి తలనంతటిని 100 భాగములుగా నెంచి, అందెన్ని భాగములు బోడియైనవో లెక్కించుదురు. 50 భాగములు దాటినచో తీవ్రమందురు. అట్టివారికిని, కొద్ది వారములలో మచ్చలు వేగముగా కలిసిపోవుచున్నవారికిని, కనుబొమలు రెప్పవెండ్రుకలు కూడ పోయినవారికిని మాత్రల ఆలోచన తగును. మాకు జాబు వ్రాసిన నలుగురిలో ఇద్దరి మచ్చలు రెండు మూడు బిళ్ళలకు మించలేదు. వారు మాత్రల మాట మరచి, ముందు చర్మవైద్యుని దర్శించుట మేలు.

స్టెరాయిడులు

లోనికిచ్చు మందులలో పాతది, చౌకయైనది, వేగముగా పనిచేయునది స్టెరాయిడ్. ప్రెడ్నిసొలోన్ అను మాత్రను దినదినము కొన్ని వారములిచ్చి క్రమముగా తగ్గింతురు. మన దేశపు వైద్యులు మరియొక పద్ధతిని ప్రచారములోనికి తెచ్చిరి. బీటామెథసోన్ మాత్రలను వారములో వరుసగా రెండు దినములు మాత్రమే ఇచ్చి, తక్కిన అయిదు దినములు విడిచిపెట్టుట. ఇది మొదట బొల్లికి వాడబడెను. 1996లో డాక్టరు పస్రీచా మొదలగువారు తల పూర్తిగా బోడియైన పేనుకొరుకుడు రోగులకును దీనిని వాడి ఫలితములను ప్రకటించిరి. దినదినము పుచ్చుకొనుటకంటె ఇందు బాధలు తగ్గునని వారి యుద్దేశము.

ఈ మందు తెల్ల కణముల పోరును అణచును. చాలమందికి వెండ్రుకలు మొలుచును. కాని ఆపిన పిమ్మట మరల రాలుట మిక్కుటము. ఎక్కువ కాలము వాడినచో ముఖము ఉబ్బును, బరువు పెరుగును, చక్కెర రోగము రక్తపు పోటు పైకి లేచును, ఎముకలు గుల్లబారును, కంటిలో శుక్లము వచ్చును, పిల్లల యెదుగుదల కుంటుపడును. మరియు, దేహము తనకు కావలసిన స్టెరాయిడ్‌ను తానే తయారు చేసికొనుట మానివేయును గనుక, చాల దినములు వాడి హఠాత్తుగా ఆపినచో మనిషి సొమ్మసిల్లి ప్రాణాపాయమునకు రావచ్చును.

మేమెరిగిన యొక గృహిణికి, ఊరిలో వైద్యము చేయు ఒకాయన పేరు లేని తెల్లమాత్రలను పొట్లము గట్టి ఆరు నెలలు ఇచ్చెను. వెండ్రుకలు వచ్చినవి, ఊరంతయు ఆయనను పొగడినది. పిదప ఆమె ముఖము గుండ్రమై, కాళ్ళు నీరసించి, చక్కెర కనబడినది. పెద్దాసుపత్రిలో "ఏ మందు వాడితివమ్మా?" అని యడిగిన ఆమెకు చెప్పుటకు పేరు లేదు. సోదరులారా, పేరు లేని మాత్ర ఎంత మేలు చేసినను ఇంటిలోనికి రానీయకుడు. అట్ట మీది పేరు చదువుట చదువుకొన్న స్త్రీకి కష్టము కాదు.

మెతోట్రెక్సేట్

ఈ మందు వెనుక మన తెలుగువారి చరిత్ర కలదు. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోయి, లెడర్లీ పరిశోధనాలయమున పరిశోధనల కధిపతియైరి. ఆయన నాయకత్వమున 1940ల దశకములో ఫోలిక్ ఆమ్లము తయారైనది. అటుపిమ్మట దానికి విరోధియగు మందులును తయారైనవి. ఆ విరోధులలో నొకటియే మెతోట్రెక్సేట్. క్యాన్సరునకు పుట్టిన యీ మందును స్వల్పమాత్రలో కీళ్ళవాతమునకును, సొరియాసిస్‌కును, పేనుకొరుకుడునకును వాడుచున్నారు. దీని బాధలను తగ్గించుటకు వైద్యులు జతగా ఫోలిక్ ఆమ్లపు మాత్రను వ్రాయుదురు. మందును, దాని విరుగుడును ఒకే తెలుగువాని నాయకత్వమున వెలువడుట విశేషము. సుబ్బారావుగారు 1948లో పరమపదించిరి.

ఫ్రాన్సు దేశమున 89 మంది తీవ్రరోగులతో చేసిన పరీక్ష 2023లో ప్రకటింపబడినది. మెతోట్రెక్సేట్ ఒక్కటే పుచ్చుకొన్నవారిలో జుట్టు కొంత మొలిచినను, పూర్తిగా మొలిచినవారు మిక్కిలి అరుదు. దానికి స్వల్పమైన ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్‌ను జతచేసినవారిలో మాత్రము నూటికి 20 మొదలు 31 మందివరకు దాదాపు పూర్తిగా కోలుకొనిరి. ఇది నెమ్మదిగా పనిచేయు మందు. కొన్ని నెలలు వేచియుండవలెను. ధర తక్కువ. కాలేయమునకు, రక్తకణములకు ఏమియు లోటు రాలేదని మాటిమాటికి రక్తపరీక్షలవలన తెలిసికొనుచుండవలెను. మద్యపానము కూడదు. కోట్రైమోక్సజోల్ వంటి సల్ఫా జాతి మందులు దీనితో కలిసినచో రక్తకణములు ప్రమాదకరముగా పడిపోవును. జ్వరమునకో విరేచనములకో మరియొక వైద్యుని చూచునప్పుడు ఈ మందు సంగతి తప్పక చెప్పవలెను.

ఇప్పుడు చెప్పబోవు మాటను చదువరులు రెండుసార్లు చదువవలెనని మా ప్రార్థన. మెతోట్రెక్సేట్ వారమున కొక్క దినము పుచ్చుకొను మందు. దినదినము పుచ్చుకొన్నచో అది విషము. తక్కిన మందులలో పెక్కు దినమును పుచ్చుకొనునవే గనుక, దీనిని కూడ అట్లే మ్రింగి నోరు పుండై, రక్తకణములు పడిపోయి ప్రాణములు పోయిన సంగతులు అనేక దేశములలో వైద్యులు వ్రాసియున్నారు. ఇంట ఈ మందున్నచో ఒక వారమును నిర్ణయించి గోడకాలెండరులో గుర్తు పెట్టుడు. మాత్రల డబ్బీని ఇల్లాలే తన స్వాధీనమున నుంచుకొని, ఆ దినమున మాత్రమే తీసి యివ్వవలెను. నోటిపూత, జ్వరము, పొడిదగ్గు, ఆయాసము, చర్మముపై నల్లని కమిలిన మచ్చలు కనబడినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను.

గర్భిణులకిది పూర్తిగా నిషిద్ధము. కడుపులోని బిడ్డకు హాని చేయును. బిడ్డను కోరువారు చాల ముందుగనే వైద్యునితో చెప్పి మాని, ఆయన చెప్పినంత కాలము గడచినపిమ్మటనే ఆ ప్రయత్నము చేయవలెను.

అజాథయోప్రిన్, సైక్లోస్పోరిన్ అను మరి రెండు పాత మందులును కలవు. మొదటిది మన దేశమున వాడుకలో నున్నది గాని, కొందరి దేహము పుట్టుకనుండియే దానిని జీర్ణింపలేదు. అట్టివారికి రక్తకణములు పడిపోవుటయే గాక, ఉన్న జుట్టును రాలిపోవును. రెండవది మూత్రపిండములను, రక్తపు పోటును కలతపెట్టును. తలపై మొలవక ముఖము మీద నూగు పెంచుటయు దాని గుణమే. 2019లో ఆస్ట్రేలియా వైద్యులు ప్రకటించిన పరీక్షలో అది ఉత్తుత్తి మాత్రకంటె స్పష్టముగా మేలని తేలలేదు. వీనినింతటితో విడిచెదము.

క్రొత్త మాత్రలు

తెల్ల కణమునకు "ముట్టడింపుము" అను వార్త వెలుపలినుండి వచ్చును. ఆ వార్తను కణము లోపలికి మోసికొనిపోవు తపాలా బంట్రోతులు కొన్ని గలవు. వానికి జానస్ కైనేజులని పేరు. బంట్రోతును గుమ్మములోనే నిలిపివేసినచో వార్త చేరదు, ముట్టడి ఆగును. 2014లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున ఏంజెలా క్రిస్టియానో, రఫాయెల్ క్లైన్స్ గారలు ఈ మర్మమును ప్రకటించిరి. ఆ యేడే యేల్ విశ్వవిద్యాలయపు బ్రెట్ కింగ్‌గారు, దేహమునందంతటను వెండ్రుకలు పోయిన 25 ఏండ్ల యువకునికి సొరియాసిస్ కూడ నుండగా టోఫాసిటినిబ్ అను మాత్ర నిచ్చి, జుట్టు మొలచుట చూపిరి. అంతవరకు ఈ రోగమునకని ప్రత్యేకముగా అనుమతి పొందిన మాత్ర యొక్కటియు లేదు.

తరువాత మూడు మాత్రలకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తీవ్రమైన పేనుకొరుకుడునకై అనుమతి యిచ్చినది. 2022 జూనులో పెద్దలకు బారిసిటినిబ్. 2023 జూనులో 12 ఏండ్లు నిండినవారికి రిట్లెసిటినిబ్. 2024 జూలైలో పెద్దలకు డ్యూరుక్సోలిటినిబ్. ఈ మూడవదానిని తెచ్చినది మన దేశపు సన్ ఫార్మా. బారిసిటినిబ్ పేరు మనవారు 2021లో కోవిడ్ రెండవ విజృంభణమున వినియుందురు. నాడు హైదరాబాదులోని నాట్కో, డాక్టర్ రెడ్డీస్, ఎమ్‌ఎస్‌ఎన్ మున్నగు సంస్థలు కోవిడ్ చికిత్సకై దానిని తయారు చేయుటకు అనుమతి పొందినవి.

ఈ మూడింటి పరీక్షలలో చేర్చుకొన్నవారందరును తలలో సగమైనను బోడియైనవారే. నూరు భాగములలో 80 భాగములైనను వెండ్రుకలతో కప్పబడినచో గెలుపని లెక్కించిరి. బారిసిటినిబ్ రెండు పరీక్షలలో కలిపి 1,200 మందికి జరిగినది. 36 వారములకు, దినమునకు 4 మిల్లీగ్రాములు పుచ్చుకొన్నవారిలో ఒక పరీక్షలో నూటికి 39, రెండవదానిలో 36 మంది గెలిచిరి. 2 మిల్లీగ్రాములవారిలో 23, 19 మంది. ఉత్తుత్తి మాత్ర పుచ్చుకొన్నవారిలో 6, 3 మంది. రిట్లెసిటినిబ్ పరీక్షలో 718 మంది యుండిరి. 24 వారములకు 50 మిల్లీగ్రాములవారిలో నూటికి 23, ఉత్తుత్తి మాత్రవారిలో 2 మంది. డ్యూరుక్సోలిటినిబ్ మొదటి పెద్దపరీక్షలో 706 మంది. 8 మిల్లీగ్రాములు దినమునకు రెండుమార్లు పుచ్చుకొన్నవారిలో 24 వారములకు నూటికి 30 మంది. ఉత్తుత్తి మాత్రవారిలో ఒక్కరును నిండలేదు.

ఈ అంకెలు చూచి, 39 పెద్దది గనుక బారిసిటినిబ్ గొప్పదనరాదు. ఒకటి 36 వారములకు లెక్కించినది, తక్కినవి 24 వారములకు. ఒక పరీక్షలో చేరినవారు వేరు, మరియొకదానిలో చేరినవారు వేరు. కోవెలకుంట్ల నల్లరేగడిలో ఒక యేడు పండిన శనగను, రాయచోటి ఎర్రనేలలో మరియొక యేడు పండిన వేరుశనగతో తూచి, ఏ రైతు గట్టివాడో తేల్చుట యెట్లు? ఈ మాత్రలను ఒకే పొలములో ప్రక్కప్రక్కన నాటి చూచిన పెద్దపరీక్ష యిది కాదు. ఒక్కటి మాత్రము నిశ్చయము: ఉత్తుత్తి మాత్రకంటె మూడును ఎన్నియో రెట్లు మేలు; అయినను ఆ గడువులో గెలిచినవారు సగముకంటె తక్కువ. ఏడాదివరకు ఓపికతో నడపినచో మరికొందరు చేరుదురు. రోగము మొదలై నాలుగేండ్లు దాటినవారికిని, తల పూర్తిగా బోడియైనవారికిని ఫలము తక్కువ.

టోఫాసిటినిబ్‌కు ఈ రోగమున అట్టి అనుమతి లేదు. అయినను మన దేశమున దాని జెనరిక్ మాత్రలు చౌకగా దొరకుటచే చర్మవైద్యులు తమ వివేకముతో వాడుచున్నారు. అట్లు వాడునప్పుడు ఆ సంగతి రోగికి చెప్పుట వైద్యుని ధర్మము. అడుగుట మన హక్కు.

ఇక కీడు. బంట్రోతును నిలిపినచో చెడువార్తయే గాక మంచివార్తయు ఆగును. క్రిములు చొరబడినప్పుడు దేహము సగము నిద్రలో నుండును. మన దేశమున క్షయ దాగియున్నవారెందరో. అది ఈ మందులవలన మేల్కొనవచ్చును. అందుచే మొదలిడుటకు ముందే క్షయపరీక్ష, రొమ్ము ఎక్స్‌రే, హెపటైటిస్ బి, సి పరీక్షలు, రక్తకణములు, కాలేయము, కొలెస్టరాల్ చూడవలెను. సర్పి లేచుట, మొటిమలు, తలనొప్పి, కొలెస్టరాల్ పెరుగుట కద్దు. ఏబది యేండ్లు దాటి గుండెజబ్బు భయమున్న కీళ్ళవాత రోగులలో టోఫాసిటినిబ్ వాడగా గుండెపోటు, క్యాన్సరు కొంత యెక్కువయ్యెనని తెలిసి, 2021లో అమెరికా సంస్థ ఈ జాతిమందులపై గట్టి హెచ్చరిక వ్రాయించినది. రక్తము గడ్డకట్టుటయు అందు చేరినది. పొగత్రాగువారికి అపాయ మధికము. గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు ఇవి తగవు. డ్యూరుక్సోలిటినిబ్ పుచ్చుకొనువారు తామరకు సర్వసాధారణముగా ఇచ్చు ఫ్లూకోనజోల్‌ను కలిపి పుచ్చుకొనరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మరియొకటి. ఈ మాత్రలు ముట్టడిని ఆపును గాని, కణముల దుర్బుద్ధిని మాన్పవు. ఆపినచో కొన్ని నెలలకు మరల రాలినవారే యధికము. కనుక మూడు నెలల సొమ్ము కూడబెట్టుకొని మొదలుపెట్టుట, సొమ్ము తీరగానే మానుట, రెండును వ్యర్థము.

ఎవరికేది?

పైనుండి చూచినచో ఇట్లు తోచుచున్నది. కొత్తగా వేగముగా వ్యాపించుచున్న రోగమునకు, కొద్దికాలపు అణచివేతకు స్టెరాయిడ్. అది పరుగెత్తు బండికి అడ్డుకట్టె వంటిది, దానినే చక్రముగా చేసికొనరాదు. సొమ్ము తక్కువగా నుండి, రక్తపరీక్షలకు క్రమముగా పోగలిగి, ఇప్పట్లో బిడ్డను కోరనివారికి మెతోట్రెక్సేట్ ఒక త్రోవ. సగము తల దాటిన పెద్దలకు, ముందు పరీక్షలు నిర్మలముగా నున్నచో, క్రొత్త మాత్రలకు ఆధార మెక్కువ. 12 ఏండ్లు దాటిన పిల్లలకు అనుమతిగలది రిట్లెసిటినిబ్. అంతకు చిన్నవారికి మాత్రలజోలి ఎంత తక్కువైన అంత మేలు. తుదినిర్ణయము మాత్రము వైద్యునిదే.

మన సీమ సంగతి వేరుగా చెప్పవలసియున్నది. ఆదోని, ఆలూరు, పత్తికొండ ప్రాంతములనుండి వానలు లేని యేడు కుటుంబములకు కుటుంబములే సుగ్గికని గుంటూరు మిరపకోతలకు పోవును. అచ్చట రెండు మూడు నెలలు గుడిసెలలో నున్నవారు నెలనెల రక్తపరీక్ష చేయించుకొనుట యెట్లు? అట్టివారు ఆ సంగతి వైద్యునితో మొదటి దినముననే చెప్పవలెను. పరీక్షకు పోలేని యింట, పరీక్ష లేక నడువని మందు మొదలిడకుండుటయే వివేకము. కర్నూలులో 1956లో నెలకొన్న వైద్యకళాశాలకు చేరిన పెద్దాసుపత్రిలోను, కడపలో 2006లో ఏర్పడిన రిమ్స్ ఆసుపత్రిలోను చర్మవ్యాధుల విభాగములు గలవు. చార్జీలకు వెనుదీసి ఊరిలో పొట్లముల వెంట పోవుటకంటె, ఒక దినము కూలి మాని అచ్చటికి పోవుట తుదకు చౌక.

పోవునప్పుడు ఈ ప్రశ్నలు కాగితముపై వ్రాసికొనిపోవుడు. ఇది పేనుకొరుకుడేనా, తామరయా? తలలో ఎన్ని భాగములు పోయినవి? మాత్ర లేక జరుగదా? మందు పేరేమి, దినమునకా వారమునకా? ముందు ఏ పరీక్షలు, తరువాత ఎన్నాళ్ళకొకమారు? ఎన్ని నెలలు చూచి ఫలము లేదని మానవలెను? మానినపిమ్మట ఏమగును? నెలకెంత వ్యయము? ఇట్లడిగినందుకు కోపగించు వైద్యుడు అరుదు.

పెండ్లియీడు కుమార్తెగల సోదరికి

ఆ తల్లి జాబులో నొక వాక్యము మమ్ము నిద్రపోనీయలేదు. సంబంధము కుదిరినదాక మాత్రలు వేయించి, పిదప మాన్పించినచో చాలదా యని ఆమె ప్రశ్న. అమ్మా, చాలదు. మానిన కొన్ని నెలలకే, అత్తవారింట, తోడెవ్వరును లేనిచోట వెండ్రుకలు రాలవచ్చును. మానక రహస్యముగా కొనసాగించినచో అంతకంటె భయంకరము. పెట్టె యడుగున దాచిన మెతోట్రెక్సేట్‌ను మ్రింగుచునే ఆ బిడ్డ గర్భవతియైనచో? కడుపులోని శిశువు సంగతి ఎవరు చెప్పుదురు? జ్వరము వచ్చి అత్తగారు పిలిపించిన వైద్యుడు, ఈ మందు సంగతి తెలియక దానికి పడని మందు నిచ్చినచో? దాచిన రోగము సిగ్గుతో పోవును. దాచిన మందు ప్రాణముతో పోవును.

కనుక వరునివారితో ముందే చెప్పుడు. ఇది అంటదనియు, గర్భమునకు గాని సంసారమునకు గాని అడ్డు రాదనియు, పుచ్చుకొనుచున్న మందు ఏదనియు చెప్పుడు. వలసినచో వైద్యునియొద్దకు వారినే తోడ్కొనిపోవుడు. మన దేవుని కడప మీదుగా తిరుమలకు పోయి తలనీలాలు సమర్పించి వచ్చిన స్త్రీని చూచి ఎవ్వరును నవ్వరు, చేతులు జోడింతురు. రోగమువలన బోడియైన తలకు ఆ గౌరవమందు సగమైనను ఇయ్యలేని యింట పిల్ల నేమి సుఖపడును? మీ బిడ్డ సవరము ధరించినను, తలకు రుమాలు చుట్టినను, ఏమియు లేక బయటికి వచ్చినను, అది ఆమె యిష్టము. వెండ్రుకలకై వేయు మాత్ర ఆమె యారోగ్యముకొరకు గాక పరుల కన్నులకొరకైనచో దానిని వేయింపకుడు. పదునెనిమిదేండ్లు నిండిన బిడ్డ కదా, "అమ్మాయీ, నీ కిష్టమేనా?" యని ముందామె నడిగి, ఆమె చెప్పిన సమాధానమును వైద్యునియొద్దకు తీసికొనిపోవుడు.